బస్తాకు సరితూగే గుమ్మడి

మారయ్య గుమ్మడికాయ మీద మూడోసారి గోరు గుచ్చి చూశాడు. దిగలేదు. వేళ్ల కణుపులతో తట్టి, చెవి ఆనించి విన్నాడు. బోలుగా మోగింది. తొడిమ ఎండి చెక్కలా గట్టిపడింది. తీగ మొదట్లో పచ్చదనమే లేదు.

"ఇగ నీళ్లు తాగుతలేదు," అన్నాడు.

"నేను వారం సంది గదే జెప్తున్న," అంది భార్య లింగక్క, వాకిలి ఊడుస్తూ.

ప్రాణహిత నది ఒడ్డున, మహారాష్ట్రలోని సిరోంచ ధాన్యం కొనుగోలు కేంద్రంలో మారయ్య ముప్పై ఏళ్లుగా హమాలీ. కుడిభుజం ఎడమదానికంటే రెండు వేళ్లు దిగి ఉంటుంది. మెడ వెనక చర్మం గోనెపట్టలా మొద్దుబారింది. బస్తా భుజానికెక్కగానే కాంటా కన్నా ముందే బరువు చెప్పేవాడు. తను మోసిన వడ్లు ఎవరి పొలానివో, ఎక్కడికి పోతాయో ఎన్నడూ అడగలేదు. ఈ ఏడు తొలకరికి మాత్రం ఒక సందేహం పట్టుకుంది. గుమ్మడికాయ నలభై కిలోల బస్తాతో సరితూగుతుందా?

అడిగితే ఎవరూ చెప్పలేకపోయారు. తనే తేల్చుకుందామని ప్రాణహిత ఒండ్రుమట్టి నాలుగు గంపలు పెరట్లో పోసి, పెంట కలిపి గింజ పెట్టాడు. పొద్దున్నే ఆడపువ్వు విచ్చుకోగానే మగపువ్వు తెంపి పుప్పొడి అద్దాడు. ఒక్క పిందె ఉంచి మిగతావన్నీ గిల్లేశాడు. "ఒక్కదానికోసం పదింటి గొంతు పిసుకుతవా?" అని లింగక్క తిట్టింది. తిట్టినా, లేవగానే ఆమె ముందు పెరట్లోకే వెళ్లేది.

గుండె చూసిన డాక్టరు బరువులెత్తొద్దని దసరాకే చెప్పాడు. అప్పటినుంచి మారయ్య కేంద్రంలో బస్తాల మూతులు కుడుతున్నాడు. భుజాల మీద ఏమీ లేకుండా ఇంటికి నడవడం అతనికింకా అలవాటు కాలేదు.

ఇద్దరూ కలిసి కాయను గోనెలో చుట్టి సైకిలు వెనక కట్టారు. అతను తోస్తుంటే ఆమె పట్టుకుని కేంద్రం దాకా నడిచింది. కాంటా చూసే దీపాలి లేచి నిలబడింది.

"అరే బాప్‌రే! భోపళానా, బస్తానా మామా?" అంది, గుమ్మడిని మరాఠీ పేరుతో పిలుస్తూ.

"జర ఆగు బిడ్డా. ముందుగాల నేను జెప్త."

లింగక్క వద్దనేలోపే వంగి కాయను భుజానికెత్తుకుని కళ్లు మూసుకున్నాడు. బస్తా అయితే ఒంటికి ఒదిగేది. ఇది ఒదగలేదు. గుండ్రంగా, చల్లగా చెంపను నెట్టింది. అతనికి నవ్వొచ్చింది.

"ముప్పై ఎనిమిది."

కాంటా మీదికి దించాక దీపాలి చదివింది. "ముప్పై ఎనిమిది కిలోల రెండు వందల గ్రాములు! ఎట్ల జెప్పినవ్ మామా?"

"బస్తాకు తక్కువనే ఆయె," అంది లింగక్క, తనే ఓడిపోయినట్టు.

"పిందెలు గిల్లుడు ఆలిశమైంది. మల్ల యేడు జల్ది గిల్లాలె." మారయ్య ముఖంలో చింత లేదు. నుదుటి మీద మాత్రం చెమట పట్టింది.

గుమ్మడికాయకు మొదటి వేటు మగవాడే వేయాలి కనుక ఇంటికొచ్చాక కత్తి అతనే పట్టాడు. కాయ రెండుగా విచ్చుకుంది. నారింజరంగు పీచు, తెల్లని గింజలు, వాటి మధ్య తల పట్టేంత ఖాళీ. మోచేతి దాకా చెయ్యి పెట్టి చూశాడు. తర్వాత గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"లోపట గింత ఖాళీ పెట్టుకొని, గంత బరువెట్ల తూగిందే?"

"గింజలకు జాగ ఉండొద్దా మరి?" లింగక్క పీచు లాగుతూ అంది. "కండ జూడు, బెత్తెడు మందముంది. పక్కింటి గంగక్కకు ఓ ముక్క ఇద్దాం. పోశమోళ్లకు, ఆ జంగుబాయికి... దీపాలికి పెద్దది ఇయ్యాలె, ఏమంటవ్?"

జవాబు రాలేదు. తలెత్తి చూసింది. మారయ్య కళ్లు ఇంకా ఆ ఖాళీ వైపే ఉన్నాయి. పెదవులు కాస్త తెరుచుకుని, మరోటి అడగబోతున్నట్టే ఉన్నాయి.

పదోరోజు కర్మ అయ్యాక లింగక్క ఎండిన తీగ లాగేయడానికి పెరట్లోకి వెళ్లింది. తీగ చివర, కాయ నేలకు తగిలి కుళ్లకుండా మారయ్య పేనిపెట్టిన వరిగడ్డి కుదురు ఉంది, ఒకపక్క లోతుగా నొక్కుకుపోయి.