వంతకు విడిచిన చోటు

ఇరవై రెండేళ్ల తర్వాత ముత్తన్న పాట మళ్లీ జనం నోట పడింది. లోకం తీరే అంత. గొంతు ఖంగుమని మోగిన రోజుల్లో ఒక్క క్యాసెట్ విని మరిచిపోయింది. సిమెంటు దుమ్ము తిని తిని అది గీరుకుపోయాక నెత్తిన పెట్టుకుంది.

అరబ్బు దేశంలో, నయీమ్ పేటలో కూలీలతో కలిసి తాను ఉండే గదిలోనే, మంచం చుట్టూ దుప్పట్లు కట్టి, ఆరు జానపదాలు పాడాడు. పక్క మంచం భూమేష్ ఎలక్ట్రీషియన్. ఫోన్లో రికార్డు చేసి, ఊళ్లో తెలిసినవాళ్లతో డప్పు, తాళాలు కలిపించి యూట్యూబ్‌లో పెట్టాడు. నెల తిరగకముందే ఏ కూలీల క్యాంపులో విన్నా అవే పాటలు.

అయితే జనానికి నచ్చింది ముత్తన్న పాడింది కాదు, పాడకుండా విడిచింది. ప్రతి చరణం తర్వాత నాలుగు దరువుల ఖాళీ ఉంటుంది. రికార్డు చేసిన రోజే భూమేష్ అడిగాడు.

"అన్నా, నడుమ నడుమ ఆగుతున్నవేంది? మర్చిపోతున్నవా? ఈ ముక్కలు కోసేస్త."

"కోస్తే నీ చెయ్యి కోస్త. అది వంత చోటు."

"వంత పాడెటోడు లేడు గద."

"లేకుంటే చోటు పోతదా?"

జానపదానికి ఒక్క మనిషి చాలడు. ముందువాడు విసిరితే వెనకవాడు అందుకోవాలి. మీసం మొలవకముందు నుంచి ముత్తన్న వెనక అందుకున్నవాడు మల్లేష్. ఆనాటి క్యాసెట్ అట్ట మీద ముత్తన్న ఫోటో ఒక్కటే పడింది, దాని కింద 'ముత్తన్న బృందం' అని పడింది. "నేనొక్కన్నే బృందమా?" అని అడిగాడు మల్లేష్. ముత్తన్న నవ్వాడు. ఆ నవ్వే కొంప ముంచింది. మల్లేష్ ఆ రోజు నుంచి మాట్లాడలేదు.

తర్వాత బతుకు ఇద్దరినీ ఈ ఒక్క దీవికే తోలింది. మల్లేష్ జిదాఫ్స్ మార్కెట్లో కూరగాయల పెట్టెలు మోస్తాడు. బస్సెక్కితే అరగంట దారి. పదకొండేళ్లుగా ఆ అరగంటను ఇద్దరిలో ఒక్కడూ దాటలేదు.

చోటు విడిస్తే వింటాడని, వింటే అందుకుంటాడని ముత్తన్న ఆశ. అందుకున్నది మాత్రం ముక్కూ మొహం తెలియని జనం. ఎక్కడ పాట పెట్టినా ఖాళీ రాగానే గది గదంతా ఎత్తుకుంటోంది. మల్లేష్ దగ్గర్నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు.

చివరికి ఒక శుక్రవారం మధ్యాహ్నం, భూమేష్ కనుక్కుని చెప్పిన గుర్తులు పట్టుకుని, ముత్తన్న జిదాఫ్స్ బస్సెక్కాడు. మల్లేష్ ఉండే గది మెట్లెక్కుతుండగానే తన గొంతు తనకే ఎదురొచ్చింది.

"మక్కచేనుకు కాపు లేదు, మంచె మీద మామ లేడు..."

లోపల ఐదారుగురు ఒక్కసారే అందుకున్నారు.

"ఏడ బోయె మామ, ఏడ బోయె!"

వాటిలో మల్లేష్ గొంతు లేదు. వెయ్యి గొంతుల్లో ఉన్నా ముత్తన్న పట్టేవాడే.

మల్లేష్ మూలన కూర్చుని ఉల్లిగడ్డలు తరుగుతున్నాడు. తల ముగ్గుబుట్టయింది. కళ్లెత్తి ఒకసారి చూసి, మళ్లీ కత్తి ఆడించాడు.

"రా, కూసో. బృందం ఏది? ఒక్కనివే వచ్చినవ్?"

గదిలోవాళ్లు వచ్చినవాణ్ని పోల్చుకుని ఫోను ఆపారు. ముత్తన్న చాప అంచున కూర్చున్నాడు.

"అందరు అందుకుంటుండ్రు. నువ్వెందుకు అందుకోవు?"

"అందరికి ఇడిచిన చోటుల నాకేం పని?"

"అందరికి ఇడువలే. నీకు ఇడిచిన."

"నాకైతే పేరు రాస్తుంటివి."

"పాడనోని పేరు రాస్తే నువ్వే తిడుదువు."

"తిడుదు," ఒప్పుకున్నాడు మల్లేష్. "కని నాకు అట్ట మీద బాధ లేదురా. నువ్వు నవ్వినవ్ సూడు."

"నవ్విన. తప్పే."

ఆ రెండు మాటలకు ఇరవై రెండేళ్లు పట్టింది. మల్లేష్ ఇంకో ఉల్లిగడ్డ తీసుకున్నాడు.

ముత్తన్న మోకాలి మీద దరువేస్తూ అదే చరణం ఎత్తుకున్నాడు. ఖాళీ రాగానే గదిలోవాళ్లు నోళ్లు తెరిచారు. చెయ్యెత్తి ఆపాడు. నాలుగు దరువులు వట్టిగానే వెళ్లిపోయాయి. మళ్లీ పాడాడు. మళ్లీ వట్టిదే. కత్తి చప్పుడు మాత్రం ఆగింది.

మూడోసారి, రెండు దరువులు దాటిపోయాక, మూలనుంచి వచ్చింది.

"ఏడ బోయె మామ, ఏడ..."

అంతలో దగ్గు తెర అడ్డుపడింది. మల్లేష్ కళ్లు తుడుచుకున్నాడు. ఉల్లి ఘాటు కూడా ఉందనుకోండి.

"చోటు చిన్నగ పెట్టినవ్ రా," అన్నాడు రొప్పుతూ. "నాలుగు దరువులల్ల అందుకునే ఊపిరా నాది ఇప్పుడు? ఆరు పెట్టు."

ముత్తన్న వేలితో మోకాలి మీద ఆరు కొట్టి చూసుకున్నాడు. మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు.