ఏటి పక్క గడి

మధ్యాహ్నం ఒంటిగంట కాగానే మేస్త్రి చేతిలో ఉన్న టైలు చేతిలోనే ఆగిపోయేది. ఇంటి యజమాని ఎదురుగా నిలబడి గుర్రుగా చూస్తున్నా సరే, దాన్ని గోడకు చేరేసి, చేతులు కడుక్కుని, ప్యాంటుకు తుడుచుకుని, టైల్స్ పెట్టె మీద కూలబడి ఫోన్ తీసేవాడు. అన్నం తర్వాత సంగతి. ముందు కూతురు ఏ ఎత్తు వేసిందో చూడాలి.

ఇరవై రెండేళ్ళుగా ఇళ్ళల్లో టైల్స్ వెయ్యడమే అతని పని. ఫోన్లో ఆడే ఆటలో కూడా నేలంతా ఆరు మూలల గడులే ఉండడం చూసి, పక్క గదిలో పాలిష్ మిషన్ నడిపే బాబాయ్ పడీ పడీ నవ్వాడు.

"పొద్దుణ్ణించీ టైల్సు వేసి వేసి, తినే టైంలో కూడా టైల్సేనేంట్రా! నీకు మతి గానీ పోయిందా?"

"మా బుడంకాయ ఎత్తు వేసింది బాబాయ్. ఇప్పుడు నా వంతు. రోజుకి ఒక్కటే."

బుడంకాయ అంటే అతని కూతురు. పదమూడేళ్ళది. ఏడాదిన్నర క్రితం తల్లి ఆ పిల్లను తీసుకుని ఊరికి ఆ చివర, తను బట్టలు కుట్టే దుకాణం పైనున్న గదిలోకి మారిపోయింది. కోర్టులూ పంచాయతీలూ ఏమీ లేవు, పెద్దగా అరుచుకున్నదీ లేదు. వెళ్ళిపోయింది, అంతే. నెలకొక ఆదివారం పిల్ల వస్తుంది. అలా వచ్చిన ఒక ఆదివారం తండ్రి ఫోన్లో ఈ ఆట ఎక్కించి, ఓపిగ్గా నేర్పించి వెళ్ళింది. పిల్ల పొద్దున్నే బడికి వెళ్ళేముందు ఎత్తు వేస్తుంది, తండ్రి మధ్యాహ్నం వేస్తాడు. ఎత్తుతో పాటు ఒక మాట రాసి పంపొచ్చు. "ఇవాళ లెక్కల పరీక్ష" అనో, "నీకు గుర్రాలెందుకు లేవు నాన్నా" అనో వచ్చేది. మేస్త్రికి ఆ ఒక్క మాటతో ఆ రోజు గడిచిపోయేది. అది రాని రోజు ఎలా ఉంటుందో అప్పటికింకా అతనికి తెలియదు.

ఆట సంగతి కాస్త చెప్పాలి. ఇద్దరికీ చెరొక ఊరు. ఊరి చుట్టూ ఒక రంగు గీత, పిల్లది పసుపు, తండ్రిది నీలం. అదే పొలిమేర. ఊళ్ళో గ్రంథాలయం, నాటకశాల, గడియారపు స్తంభం లాంటివి కట్టేకొద్దీ ఊరికి పేరొస్తుంది. పేరొచ్చేకొద్దీ పొలిమేర ఎవరూ తొయ్యకుండానే ఒక్కో గడి ముందుకు జరుగుతుంది. అంత ఓపిక లేనివాడు బంగారం పెట్టి గడి కొనుక్కోవచ్చు. పొలిమేర లోపలున్న పొలమూ నీళ్ళూ ఊరి జనానికి తిండి. ఎంతమంది జనమో ఊరి నెత్తిన ఒక అంకె చూపిస్తూ ఉంటుంది. ఇంతకుమించి మేస్త్రికి కూడా తెలియదు.

పిల్ల తన ఊరికి పిచ్చుకల ఊరని, తండ్రి ఊరికి నాన్న ఊరని పేర్లు పెట్టింది. ఊరెక్కడ కట్టుకుంటావు నాన్నా అని అడిగితే, అంత దేశం ఖాళీగా పడి ఉండగా వెళ్ళి వెళ్ళి పిల్ల ఊరి పక్కనే కట్టాడు పెద్దమనిషి. ఇంకెక్కడ కడతాడు మరి!

రెండూళ్ళకీ మధ్య ఏడు గడులు ఎవరివీ కాకుండా మిగిలాయి. అందులో ఒకటి ఏటి పక్కది. అక్కడే వచ్చింది చిక్కంతా. టైల్స్ మేస్త్రి కంటికి ఖాళీ గడి కనిపిస్తే కాలి కింద రాయి ఉన్నట్టే. గది మధ్యలో మొదలుపెట్టి గోడదాకా నింపుకుంటూ పోవాలి, మూలన ఒక్క ముక్క మిగిలినా కోసి కూర్చోబెట్టాలి, లేకపోతే అది పనే కాదని చేతులు విరగ్గొట్టి నేర్పాడు అతని గురువు. రోజూ మధ్యాహ్నం ఆ ఏడు గడుల్నీ చూస్తూ మేస్త్రి లోపల్లోపల ఇబ్బంది పడ్డాడు. పిల్ల చూసి మురిసిపోవాలని నాటకశాల కట్టాడు, గడియారపు స్తంభం కట్టాడు. పొలిమేర నాలుగు గడులు మింగింది. మిగిలిన మూడూ ఉన్న బంగారమంతా పెట్టి ఒకేసారి కొనేశాడు. కొని, గర్వంగా రాశాడు: "చూడమ్మా, మన రెండూళ్ళూ కలిసిపోయాయి. మధ్యలో ఎక్కడా సందు లేదు."

మర్నాడు పిల్ల దగ్గర్నుంచి ఎత్తు వచ్చింది. మాట రాలేదు. పిచ్చుకల ఊరి నెత్తిన ఆరు ఉండేది, ఐదయింది. పరీక్షల హడావుడిలో ఉందేమో అనుకున్నాడు. నాలుగు రోజులకి నాలుగయింది. అప్పుడు గుండెలో రాయి పడింది.

ఆదివారం పిల్ల వచ్చింది. మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని, అడిగితే చెప్పింది.

"ఏటి పక్క గడి కోసం ఇరవై రోజుల్నించీ చూస్తున్నా నాన్నా. ఇంకో రెండ్రోజులైతే దానంతటదే నాకు వచ్చేసేది. ఇప్పుడు మావాళ్ళకి నీళ్ళు లేవు."

"అయ్యయ్యో! ముందే చెప్పొచ్చు కదమ్మా! తీసేసుకో."

"తీసుకోవడం కుదరదు. ఒకసారి ఒకళ్ళ పొలిమేరలోకి వెళ్తే అంతే."

"నేనే ఇస్తున్నా కదా?"

"నువ్విచ్చినా అది ఒప్పుకోదు నాన్నా. ఇవ్వడం లేదు ఈ ఆటలో."

"పోనీ నా మీద యుద్ధం చెయ్యి. హాయిగా ఓడిపోతా."

"నాకు సైన్యమెక్కడుంది? అయినా నీతో యుద్ధమేంటి నాన్నా!" అని పిల్ల కాస్త నవ్వింది.

ఆ నవ్వు చూసి మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది. "అయితే ఇదంతా కొట్టేసి కొత్తాట మొదలెడదాం. సరేనా?"

పిల్ల గదంతా ఒకసారి చూసింది. నడుం ఎత్తు దాకా టైల్స్ వేసిన నాలుగు గోడలు, మంచం కింద మిగులు టైల్స్ పెట్టెలు, ఒకప్పుడు తల్లి కుట్టుమిషన్ ఉన్న చోట ఇంకో ఐదు పెట్టెలు, తను చదువుకునే మూలలో టైల్స్ సందుల్లో నింపే గ్రౌటు సంచులు.

"మళ్ళీ ఇలాగే చేస్తావు నాన్నా," అంది. కోపంగా కూడా అనలేదు. రేపు సోమవారం అన్నట్టు అంది.

ఆ మాట మేస్త్రి అంతకుముందు ఒకసారి విన్నాడు.

వెనక పెరట్లో రెండు గజాల మట్టి ఉండేది. భార్య అందులో ఏవో మొక్కలు పెంచుకునేది. రోజంతా మిషన్ తొక్కి తొక్కి, సాయంత్రం వెళ్ళి ఆ మట్టిలో చేతులు పెట్టుకుని కూర్చునేది. ఆమె నాలుగు రోజులు చెల్లెలింటికి వెళ్ళినప్పుడు, తిరిగొచ్చి ఆశ్చర్యపోవాలని, మేస్త్రి మొక్కలు పీకేసి పెరడంతా నీలం టైల్స్ వేశాడు. తన దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా మంచివి. రెండు రోజులు నడుం విరిగేలా వేశాడు. ప్రేమతోనే వేశాడు, అందులో అబద్ధం లేదు. ఆమె వచ్చి గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసింది. "నీకు చోటు కనపడితే చాలు కదయ్యా," అంది. ఆ తర్వాత అతను తీసేస్తానన్నా, "మళ్ళీ ఇలాగే చేస్తావు," అనేసి ఊరుకుంది. మూడు నెలలకి వెళ్ళిపోయింది.

పిల్ల వెళ్ళాక మేస్త్రి ఆటలో చెయ్యని ప్రయత్నం లేదు. కొత్తవి కట్టడం మానేశాడు. కట్టినవి కూలగొడదామంటే వీల్లేదు. అవి కట్టి ఉన్నంతకాలం పేరు వస్తూనే ఉంటుంది, పొలిమేర జరుగుతూనే ఉంటుంది. బాబాయ్ కూడా కళ్ళజోడు పెట్టుకుని ఫోన్ అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇచ్చెయ్ అనే బటన్ ఏదిరా?"

"లేదు బాబాయ్."

"సరిగ్గా చూశావా?"

"ఇరవై సార్లు చూశాను."

"ఇదేం దిక్కుమాలిన ఆటరా!" అని బాబాయ్ ఫోన్ ఇచ్చేసి మిషన్ దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఎత్తు వెయ్యడమే మానేస్తే అన్నీ ఉన్నచోటే ఉంటాయి కదా అని రెండు రోజులు ఫోన్ ముట్టుకోలేదు. మూడో రోజు పొద్దున్న ఒక హెచ్చరిక వచ్చింది: ఈరోజు ఎత్తు వెయ్యకపోతే ఆట మూసేస్తాం. ఆట మూసేస్తే పిల్ల మాట కూడా మూసేసినట్టే. వేశాడు. పిచ్చుకల ఊరు మూడయింది.

ఆటలో చేతకానిది చేతుల్తో చేద్దామనుకున్నాడు. ఆ వారం ఒక పూట పనికి సెలవు పెట్టి, ఉలీ సుత్తీ పట్టుకుని పెరట్లో కూర్చున్నాడు. నీలం టైల్స్ ఒక్కొక్కటే పగలగొట్టాడు. తన చేత్తో అంత గట్టిగా వేసినవి, ఊరికే వస్తాయా! వేళ్ళ కణుపులు చీరుకుపోయాయి. టైల్స్ కింద నాలుగు వేళ్ళ మందాన సిమెంటు, దాని కింద కంకర, ఆ కంకర కింద బూడిదలా పొడిపొడిగా మట్టి. ఫోటో తీసి భార్యకు పంపాడు. ఏం రాయాలో తెలియక ఏమీ రాయలేదు. సాయంత్రానికి ఆమె నుంచి రెండే మాటలు వచ్చాయి.

"ఇప్పుడెందుకు ఇదంతా?"

తిట్టినా బాగుండేది అనుకున్నాడు.

పిచ్చుకల ఊరు రెండయింది. రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకి మేస్త్రి ఆ అంకె చూడ్డం, చూసి చెయ్యగలిగింది లేక తన ఎత్తు వెయ్యడం. అన్నం డబ్బా మూత తియ్యకుండానే ఇంటికి తిరిగి వెళ్ళేది. ఏటి పక్క గడిలో మాత్రం నీళ్ళు నీలంగా, నిండుగా, ఎవరికీ అక్కర్లేకుండా మెరుస్తూ ఉండేవి. నాన్న ఊరికి వేరే మూడు చెరువులున్నాయి.

ఒకరోజు ఫోన్ తీసేసరికి మాట వచ్చి ఉంది. ఎన్ని రోజులకో! పెట్టె మీద సర్దుకుని కూర్చుని చదివాడు.

"నాన్నా, ఉన్నవాళ్ళలో వచ్చేవాళ్ళని బండెక్కించుకుని బయల్దేరా. ఈసారి దూరంగా కట్టుకుంటా. ఎక్కడో చెప్పను. నీ మీద కోపం లేదు."

తెర మీద ఉత్తరం వైపు చిన్న బండి ఒకటి కనిపించింది. అతనికి కనిపించే నేల అక్కడితో సరి, అవతలంతా నల్లగా ఉంటుంది. బండి సరిగ్గా ఆ అంచున ఉంది. చూస్తుండగానే నలుపులోకి వెళ్ళిపోయింది. పిల్ల రేపూ ఎత్తు వేస్తుంది, ఎల్లుండీ వేస్తుంది. కాకపోతే ఆమె ఎక్కడుందో ఇంక అతనికి తెలియదు.

అప్పుడు ఆట ఒక ప్రశ్న అడిగింది. పిచ్చుకల ఊళ్ళో మిగిలినవాళ్ళు నాన్న ఊళ్ళో చేరతామంటున్నారు. కింద రెండే బటన్లు: కలుపుకో, తగలబెట్టు. వదిలెయ్ అనేది ఎక్కడైనా ఉందేమోనని మేస్త్రి తెర పైనుంచి కిందకి వెతికాడు. లేదు. తగలబెట్టు మీద వేలు పెట్టడానికి చెయ్యి రాలేదు. కలుపుకో నొక్కాడు. పిల్ల కట్టుకున్న ఇళ్ళు, చిన్న గ్రంథాలయం, చుట్టూ ఉన్న పసుపు గీత, అన్నీ ఒక్క క్షణంలో అతని నీలంలోకి వచ్చేశాయి. ఎక్కడా సందు లేదు.

ఊరు పెద్దదైంది కనుక పేరు కూడా పెరిగింది. మేస్త్రి ఏమీ నొక్కలేదు. రెండు చేతులూ మోకాళ్ళ మీదే ఉన్నాయి. అయినా నీలం గీత కదిలి ఒక గడి ముందుకు జరిగింది. ఉత్తరం వైపు, బండి వెళ్ళిన దారిలో.

మేస్త్రి ఆ గీతను చూస్తూ ఉండిపోయాడు. బాబాయ్ అన్నానికి పిలిచాడు, వినిపించలేదు. చివరికి సిమెంటు పట్టిన వేళ్ళతో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ తన ఎత్తుతో పాటు రాసి పంపాడు:

"అక్కడ ఆగకమ్మా. ఇంకా దూరం వెళ్ళు."