లప్పం కింది మరలు

తలుపుకి తాళం వేసి ఉంది. తాళం పైన ఒక కాయితం అంటించి ఉంది.

పొద్దున ఎనిమిదిన్నరకి ఆ మెట్ల మీద ముప్పైమంది దాకా నిలబడి ఉన్నారు. తల్లులు, తండ్రులు, ఇద్దరు ముగ్గురు అమ్మమ్మలు. అందరి చంకల్లోనూ పిల్లలే. చంకలో మోసే వయసు ఎప్పుడో దాటిన పిల్లలు. కాళ్ళు మాట వినని పిల్లలు, మెడ నిలవని పిల్లలు. వారానికి మూడు రోజులు ఈ గదుల్లో వాళ్ళ కాళ్ళు సాగదీస్తారు. నిలబెడతారు. చెంచా పట్టుకోవడం నేర్పుతారు. రెండు బస్సులు మారి వచ్చేవాళ్ళున్నారు. మేస్త్రీ చేత తిట్లు తిని, సగం పూట పని పోగొట్టుకుని వచ్చేవాళ్ళున్నారు.

వడ్రంగికి చదువు రాదు. మనవరాలిని కుడి భుజం మీంచి ఎడమ భుజం మీదికి మార్చుకుని, అదేంటో చదవమని కూతురితో అన్నాడు. కూతురు బట్టల ఫ్యాక్టరీలో మిషను మీద కుడుతుంది. ముందు మనసులో చదువుకుంది. తర్వాత అందరికీ వినబడేలా చదివింది.

"ఇటీవలి తనిఖీలో పిల్లలు ఏ ఆధారమూ లేకుండా నిలబడగలుగుతున్నట్టు తేలినందున, ఈ కేంద్రం సేవలు ఇకపై అవసరం లేదని నిర్ణయించడమైనది."

చెత్తబండి తోలే ఆమెకి పదేళ్ళ కొడుకున్నాడు. వాడి తల ఆమె మోచేతి మీద వాలి ఉంది. ఆ తలని మెల్లగా ఎత్తి వాడి మొహంలోకి చూసింది.

"ఏరా, నిలబడుతున్నావంట. కన్నతల్లికి ఒక్క మాట చెప్పొద్దూ?"

కొందరు నవ్వారు. నవ్వి, ఎందుకు నవ్వామా అన్నట్టు తలలు దించుకున్నారు. వడ్రంగి నవ్వలేదు. 'ఏ ఆధారమూ లేకుండా' అన్న మాట దగ్గరే ఆగిపోయాడు. ఆధారం ఎక్కడుందో అతనికి తెలుసు. దాన్ని దాచింది అతనే.

సంగతేమిటంటే, ఆ గదుల్లో పిల్లలు నిలబడే స్టాండులన్నీ అతను చేసినవే. మూడేళ్ళ కిందట అక్కడ రెండు ఇనప స్టాండులుండేవి. ఎక్కణ్ణుంచో వచ్చినవి, ఏ పిల్లకీ కొలత కుదరనివి. పిల్లల చేత కసరత్తు చేయించే ఆవిడని అందరూ అక్క అంటారు. ఆ అక్క నేల మీద సుద్దముక్కతో బొమ్మ గీసి, ఇలా కావాలి, చెక్కతో అవుతుందా అని అడిగింది. అతను అవుతుందని కూడా అనలేదు. మనవరాలి మడమ నుంచి మోకాలికి, మోకాలి నుంచి నడుముకి దారంతో కొలత తీసుకుని వెళ్ళిపోయాడు. నాలుగో రోజున తెచ్చాడు. మడమల వెనక చెక్క, మోకాళ్ళకి తోలుపట్టీ, నడుముకి ఇంకో పట్టీ, ముందు చేతులు ఆనించుకోవడానికి చిన్న బల్ల.

ఆ పిల్లని అందరూ పిచ్చుక అంటారు. అప్పటికి దానికి నాలుగేళ్ళు. అంతవరకూ అది లోకాన్ని పడుకుని చూసింది, లేకపోతే భుజం మీంచి చూసింది. కేంద్రానికి తెచ్చేముందు పనిషెడ్డులో మొదటిసారి స్టాండు మీద నిలబెడితే తాత పనిబల్ల మీద ఏముందో చూసింది. ఉలి, పెన్సిలు ముక్క, చిత్రికపట్టిన చెక్కపొట్టు. చాలాసేపు చూసింది. దించబోతే, "ఇంకా" అంది. అది స్పష్టంగా అనగలిగిన మాటలు మూడే. అందులో అదొకటి.

ఆ తర్వాత ఒకరిని చూసి ఒకరు అడిగారు. ఇరవైమూడు స్టాండులు చేశాడు. ఏ పిల్లకి ఆ పిల్ల కొలత.

నిలబడటం అంటే పిల్లలకి సరదా మాత్రమే కాదు. మానేస్తే కండరాలు బిగుసుకుంటాయి, తుంటి కీలు పక్కకి జరుగుతుంది అని అక్క చెప్పేది. అదీ చూశారు. ఒకసారి మరమ్మతులంటూ రెండు నెలలు కేంద్రం మూశారు. తెరిచేసరికి పిచ్చుక మడమలు నేలకి ఆనలేదు. మళ్ళీ ఆనడానికి ఏడాది పట్టింది. ఆ ఏడాదంతా కాళ్ళు సాగదీసినప్పుడల్లా అది ఏడ్చేది కాదు, తాత చొక్కా గుండీ నోట్లో పెట్టుకుని కొరికేది. మూడు గుండీలు విరిగాయి.

ఇక కండక్టరు సంగతి. సిటీ బస్సులో కండక్టరు. పిల్లల తల్లిదండ్రుల కమిటీకి ప్రెసిడెంటు. అతని కొడుకూ స్టాండు మీద నిలబడేవాడే. కేంద్రం ముందు బస్సు ఆగేలా చేసింది అతనే. ఏ ఆఫీసు మెట్లెక్కాలన్నా ముందు నడిచేది అతనే. వడ్రంగిని అన్నా అని పిలిచేవాడు. వడ్రంగికి తోడబుట్టినవాళ్ళు లేరు. ఆ పిలుపు అతనికి లోపల ఎక్కడో తగిలేది.

నెల కిందట కండక్టరు షెడ్డుకొచ్చాడు. పై ఆఫీసు నుంచి పెద్దవాళ్ళు చూడటానికి వస్తున్నారు, వాళ్ళకి నచ్చితే ఇంకో నాలుగు గదులిస్తారు అని చెప్పాడు. తర్వాత స్టాండు పట్టీని చేత్తో లాగి చూశాడు.

"ఇవి కనబడితే పిల్లలకి సంకెళ్ళేసినట్టుందన్నా. చూసేవాళ్ళకి మనసు చివుక్కుమంటుంది. కనబడకుండా చెయ్యి. నీ పనితనం ఏంటో వాళ్ళకీ తెలియాలి."

చేపకి ఎర ఎలాగో వడ్రంగికి ఆ మాట అలాగ. మంచి అతుకు కంటికి కనబడకూడదని అతనికి పని నేర్పిన మనిషి చెప్పాడు. నలభై ఏళ్ళుగా అతను ఆ మాట మీదే బతికాడు. ప్రతి స్టాండుకీ ముందు, పక్కల పలకలు బిగించాడు. స్క్రూ మరల తలలు చెక్కలోకి దించాడు. పైన లప్పం పెట్టి, గీకి, నునుపు చేసి, లేతనీలం రంగు వేశాడు. మర ఎక్కడుందో అతను చెబితే తప్ప ఎవరికీ తెలియదు. సొంత పనివాళ్ళకి కూడా చెప్పేవాడు కాదు.

పెద్దవాళ్ళు వచ్చారు. పిల్లలు ఉతికిన బట్టల్లో, నూనె రాసిన తలలతో, దుకాణంలో గల్లా వెనక నిలబడ్డట్టు నిలబడ్డారు. వచ్చినవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఒకాయన, ఈ పాప నిజంగా తనే నిలబడిందా అని అడిగాడు. మీ కళ్ళతో మీరే చూస్తున్నారు కదా సార్ అన్నాడు కండక్టరు. గోడకి ఆనుకుని నిలబడ్డ వడ్రంగికి ఆ మాటకి ఛాతీ ఉబ్బింది. ఆ రోజు అక్క లేదు. ఏదో శిక్షణ అని పై ఊరు పంపారు. ఆ రోజే ఎందుకు పంపారని అతనికి తట్టలేదు.

తాళం చూసిన ఆ మధ్యాహ్నం అందరూ వడ్రంగి షెడ్డులో చేరారు. పిల్లల్ని చెక్కపొట్టు మీద గోనెలు పరిచి పడుకోబెట్టారు. వడ్రంగి నిలబడి, చేసింది చెప్పాడు. నాలుగు మాటల్లో చెప్పాడు. చెత్తబండి ఆమె లేచి అతన్ని నోటికొచ్చినట్టు తిట్టింది. ముసలాడి పొగరుకి మా పిల్లల కాళ్ళు బలి అంది. తిట్టి తిట్టి ఆమే ఆగింది. ఆరోజు మనం కూడా చప్పట్లు కొట్టాంలే అంది చివరికి.

ఒక తండ్రి, ఇటుకల బట్టీలో పని, కొత్త ఉపాయం చెప్పాడు. మళ్ళీ తనిఖీ అడుగుదాం, ఆ రోజు పిల్లలు వాళ్ళ ముందు కింద పడాలి, నాలుగు రోజులు అలవాటు చేద్దాం అన్నాడు. చాలామంది తలలూపారు. వడ్రంగి కూతురు ఊపలేదు.

"దానికి నిలబడటం నేర్పడానికి మూడేళ్ళు పట్టింది. పడటం నేను నేర్పను. వాళ్ళ కోసం నిలబెట్టి ఒకసారి మోసపోయాం. వాళ్ళ కోసం పడేసి ఇంకోసారి మోసపోవాలా?"

వాదన పెరిగింది. అప్పుడే అక్క వచ్చింది. ఆమె ఉద్యోగం కూడా ఆ ఉదయమే పోయింది. వెనకే కండక్టరు వచ్చాడు. అతను వస్తూనే, తొందరపడొద్దు, ఆఫీసులో నేను మాట్లాడతాను, గొడవ చేస్తే ఉన్నదీ పోతుంది అని మొదలుపెట్టాడు. అక్క అతని వంక చూడకుండా అందరికీ చెప్పింది. ఆ భవనం ఒక కాంట్రాక్టరుకి ఇస్తున్నారు. అవే గదులు, అవే స్టాండులు. కాకపోతే ఇక డబ్బు ఇచ్చుకోగలిగినవాళ్ళకే. పేర్ల చీటీ తను చూసింది. ఈ షెడ్డులో ఉన్న పిల్లల్లో ఆ చీటీలో ఉన్న పేరు ఒక్కటే.

ఎవరి పేరని ఎవరూ అడగలేదు. కండక్టరు టిక్కెట్ల సంచీ తాడు వేలికి చుట్టుకుంటున్నాడు, విప్పుతున్నాడు.

"ఎలాగూ మూసేస్తున్నామన్నారు," అన్నాడు. "ఒక్క సీటు ఉందన్నారు. ఒక్కటే. నువ్వయితే ఏం చేసేవాడివన్నా?"

వడ్రంగి పిచ్చుక కాళ్ళ వంక చూశాడు. అబద్ధం చెప్పడం అతనికి రాదు. ఏం చేసేవాడో అతనికి తెలియదు. జవాబు చెత్తబండి ఆమె చెప్పింది.

"ఒక్క సీటు చూపించి ఇరవైరెండు లాక్కున్నారు. వాళ్ళకి ఇది కొత్తా? మా యూనియనులోనూ ఇంతే. ఒకణ్ణి సూపర్‌వైజరు చేస్తారు, వందమందిని ఇంటికి పంపుతారు. నువ్వు చెడ్డవాడివి కాదు తమ్ముడూ. చవగ్గా దొరికావు."

కండక్టరు వెళ్ళిపోయాడు. ఎవరూ ఆపలేదు. వడ్రంగి గుమ్మం దాకా వెళ్ళి, అతను మలుపు తిరిగేదాకా చూసి, వెనక్కి వచ్చి మరలు తిప్పే పనిముట్టు తీసుకున్నాడు.

"పలకలు ఊడదీస్తాను," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే కేంద్రం తలుపు తెరిచారు. తాళం ముట్టుకోలేదు. వడ్రంగి బందులు విప్పి తలుపునే పక్కకి పెట్టాడు. తాళం వేసింది వేసినట్టే గొళ్ళేనికి వేలాడుతోంది. ఇరవైరెండు స్టాండులకి లప్పం గీకాడు, మరలు తీశాడు, పలకలు పడేశాడు. తోలుపట్టీలు బయటపడ్డాయి. కండక్టరు కొడుకు స్టాండుని మాత్రం ముట్టబుద్ధి కాక మూల వదిలేశాడు.

మోయడానికి తొమ్మిది చెత్తబండ్లు వచ్చాయి. రెండుసార్లు కడిగి తెచ్చారు. బండికి ముందు తోలేవాళ్ళు, పక్కన తల్లులు. మిషన్ల మీంచి లేచి కూతురి షిఫ్టువాళ్ళు వచ్చారు. ఇటుకల బట్టీ నుంచి వచ్చారు. కాలేజీ ముందు పోతుంటే, ఇదేంటని అడిగిన విద్యార్థులు జవాబు విని పుస్తకాలు సంచుల్లో పెట్టుకుని వెంట నడిచారు. తలుపు మీది కాయితం పంపిన ఆఫీసుకి చేరేసరికి వీధి నిండింది.

హాల్లో స్టాండులు వరసగా పెట్టి పిల్లల్ని నిలబెట్టి పట్టీలు బిగించారు. ఆఫీసరమ్మ బయటికి వచ్చింది. రికార్డులో ఎక్కింది మార్చడం తన చేతిలో లేదని, అర్జీ పెట్టుకుంటే పైకి పంపుతానని చెప్పింది. మాటలో కరుకుదనం లేదు. మెత్తగానే చెప్పింది.

వడ్రంగి ముందుకొచ్చాడు. అతను అంతమంది ముందు ఎప్పుడూ మాట్లాడలేదు.

"అమ్మా, ఆధారం లేకుండా నిలబడుతున్నారని రాశారు. నేను దాచాను, మీరు రాశారు. దాచింది తప్పే. ఇప్పుడు విప్పి పెట్టాను, చూడండి. చూశాక కూడా మీ రాతే నిజమంటే, మీ చేత్తో ఆ పట్టీ విప్పండి."

కూతురు పిచ్చుక వెనక్కి వెళ్ళి రెండు చేతులూ చాచి నిలబడింది. ఆఫీసరమ్మ వంగింది. వేళ్ళు పట్టీ కొక్కెం మీద ఆనాయి. పిచ్చుక ఆవిణ్ణి చూడటంలేదు. పక్కనున్న ఆఫీసు బల్ల మీద ఏముందో చూస్తోంది. గంట, గాజుబిళ్ళ, సిరాముద్ర.

"ఇంకా," అంది పిచ్చుక.

ఆఫీసరమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. నిటారుగా లేచి, లోపలికి వెళ్ళి, తలుపు వేసుకుని ఫోను చేసింది.

"పట్టీ విప్పండి, లేదా రాత మార్చండి. అప్పటిదాకా కదలం," అంది చెత్తబండి ఆమె. ఆ మాట హాల్లోంచి మెట్ల మీదికి, మెట్ల మీంచి వీధిలోకి పోయింది. అక్క కొంగు బిగించి పని మొదలుపెట్టింది. ఫైళ్ళు పక్కకి జరిపి బల్లల మీద పిల్లల కాళ్ళు సాగదీసింది. ఒకటి, రెండు అని లెక్కపెడుతుంటే విద్యార్థులు అందుకున్నారు, వీధి అందుకుంది. గుమాస్తాలు గోడలకి ఆనుకుని చూస్తూ ఉండిపోయారు.

మధ్యాహ్నానికి పోలీసులు వచ్చారు. స్టాండులు ఖాళీ చేయించమని ఇనస్పెక్టరు చెప్పాడు. కానిస్టేబుళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. విప్పండయ్యా, విప్పి సాయంత్రం దాకా చంకలో పెట్టుకోండి, మేం పనికి పోతాం అన్నారు తల్లులు. ఒక్క చెయ్యీ ముందుకి రాలేదు. అప్పుడు ఇనస్పెక్టరుకి తలుపు గుర్తొచ్చింది. సర్కారు తలుపు ఊడదీసింది ఎవరని అడిగాడు.

"నేనే," అన్నాడు వడ్రంగి. "తాళం భద్రంగానే ఉంది."

అతన్నీ, చెత్తబండి ఆమెనీ, అక్కనీ పట్టుకున్నారు. వ్యాను దాకా తీసుకెళ్ళడానికే అరగంట పట్టింది. జనం చేతులు వదలలేదు. వడ్రంగి ఒక కాలు మెట్టు మీద పెట్టినప్పుడు, వీధి చివర జనం చీలారు. ఒక తోపుడుబండి వస్తోంది. తోస్తున్నది కండక్టరు పెళ్ళాం. బండి మీద ఆమె కొడుకు, వాడి పక్కన నీలం పలకలు ఊడని స్టాండు. కండక్టరు ఎదురు పేవ్‌మెంటు మీద సంచీ భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు. వీధి దాటలేదు.

ఆమె చెమట తుడుచుకుంటూ వ్యాను దగ్గరకొచ్చింది.

"బావగారూ, ఆ సీటు మాకొద్దని చెప్పి వచ్చాను. వీడి పట్టీలు కూడా కనబడాలి. పొద్దుట్నించీ వెతుకుతున్నా, దీనికి మరలు ఎక్కడున్నాయో దొరకటంలేదు."

కానిస్టేబులు లోపలికి నెట్టాడు. వడ్రంగి తలుపు చట్రం పట్టుకుని ఆగాడు. నలభై ఏళ్ళలో ఎవరికీ చెప్పని మాట చెప్పాడు.

"పైన నాలుగు, కింద రెండు. లప్పం కింద ఉంటాయి. వేలితో తడిమితే చల్లగా తగులుతుంది. అక్కడ గీకు."

తలుపు వేశారు. వ్యాను కదిలింది. వెనక జాలీలోంచి అతను చూశాడు. ఆమె స్టాండు ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. పక్కన అతని కూతురు కూర్చుంది. మిషను కుట్టే చేతులు, ఇటుకలు మోసే చేతులు, బండి తోలే చేతులు ఆ పలక చుట్టూ చేరాయి. గోళ్ళతో, తాళంచెవులతో గీకుతున్నారు. నీలం పొడి రాలుతోంది.

మొదటి మర తల బయటపడింది.