నలభై ఒకటో పీలిక

ఇవాళ ఏదో అయ్యేట్టే ఉంది అని పొద్దున్నే పైకి అనేసింది, అప్పటికింకా వంతెన అవతల పొగ లేదు, కొడుకు నవ్వాడు కూడా, నువ్వు వాన రాకముందే తడిసిపోతావే అమ్మా అని, నవ్వుతూనే మూలనున్న ఇనపకడ్డీ తీసుకుని వెళ్ళాడు, ఇప్పుడు ఆ పొగ కుట్టుమిషను దాకా వస్తోంది, ఫోను మోగుతోంది, కూతురు ఎత్తడం లేదు, ఎత్తవే తల్లీ, ఆరేళ్ళ కిందట వేరే మతం వాణ్ణి చేసుకుంటానన్నప్పుడు ఈ చేత్తోనే దాని చెంప పగలగొట్టింది, ఈ చేత్తోనే మొన్న పెద్దమనుషులు తెచ్చిన తెల్లగుడ్డ కత్తిరించింది, వంతెన అవతల మన ఇళ్ళు నలభై, గుమ్మానికి పీలిక కట్టుకుంటే మనవాళ్ళు ముట్టుకోరమ్మా అన్నారు, పోగులు ఊడకుండా అంచులు మడిచి మరీ కుట్టింది, నలభై ఒకటోది దొంగతనంగా కత్తిరించి పాలావిడ చేత కూతురికి పంపింది, వియ్యపురాలి ఇల్లయితే ఏం, లోపలున్నది తన పిల్ల కాదూ, పంపాక కదా తట్టింది, వాళ్ళ సందులో ఆ ఒక్క గుమ్మానికే గుడ్డ వేలాడితే వాళ్ళ మనుషులే తగలబెట్టరూ, ఎంత బుద్ధితక్కువ పని.

తలుపు దభీమంది, కొడుకు, చొక్కా నిండా రక్తం, నీదేనా నాయనా, నాది కాదులే, నీళ్ళివ్వు, గుడ్డ ఉన్న ఇల్లు ఒక్కటీ ముట్టలేదమ్మా, లేనివాటికే రాళ్ళు, ఒక ముసలాడు తలుపుకి అడ్డం నిలబడ్డాడు, పళ్ళు రాలాయి, అక్క వాళ్ళ సందుకీ వెళ్ళారా, వెళ్ళాం, ఇల్లేదో నాకేం తెలుసు, ఎప్పుడైనా చూపించావా నువ్వు, చెంబులో నీళ్ళు ఎర్రబడ్డాయి, ఫోను మళ్ళీ నొక్కింది.

నలభై ఇళ్ళను కాపాడాననుకుంది, కాదు, కట్టని ఇళ్ళన్నిటికీ తానే గురి పెట్టి ఇచ్చింది, ఒక్కొక్క కత్తెరపోటుకి ఒక్కొక్క ఇల్లు, మోగడం ఆగింది, ఎవరో ఎత్తారు, గాజుపెంకులు ఊడుస్తున్న చప్పుడు, అమ్మడూ, ఆ గుడ్డ కట్టావా, విప్పేశావా, ఏది చెబితే బతికున్నట్టో తనకే తెలియలేదు, కొడుకు మొహం తుడుచుకోవడం ఆపాడు, ఊడవడం కూడా ఆగింది, ఒక ముసలి గొంతు, ఆరేళ్ళలో ఒక్కసారీ తను పలకరించని గొంతు, నేనే విప్పించాను వదినగారూ, మావాళ్ళకు భయపడి, తర్వాత మీవాళ్ళు వచ్చారు, మీ పిల్ల తలకు ఆ గుడ్డే చుట్టాను, చాలడం లేదు.