ప్యాలెట్ కట్టె

ఊగే కుర్చీ చేయడానికి పెంటయ్యకు ఆరు ఆదివారాలు పట్టింది. పాశమైలారంలో ఇంటి వెనక రేకుల షెడ్డులో చేశాడు. కింది వంపు కట్టెలు రెండూ వేపవి. మేకుకు తాడు కట్టి, తాడు కొసన పెన్సిలు పెట్టి వంపు గీశాడు. మిగతాదంతా ప్యాలెట్ కట్టె. అతను మందుల ఫ్యాక్టరీ గోదాములో పనిచేస్తాడు. డ్రమ్ముల కింద వేసే ప్యాలెట్లు విరిగితే పనివాళ్లు పొయ్యిలోకి తీసుకుపోవడం అక్కడ మామూలే. మందు ఒలికి మరక పడ్డవి మాత్రం గేటు దాటకూడదు.

చేతులు ఆనించడానికి రెండు పలకలు తక్కువయ్యాయి. పెంటయ్య మరక పడ్డ ప్యాలెట్ నుంచి రెండు ఊడదీసి తెచ్చాడు. రందా కొడితే మరక పోయింది. మందు కట్టె లోపలికి ఇంకి ఉంటుందని అతనికి తెలియదని చెప్పలేం. ఇరవై ఏళ్లుగా ఆ డ్రమ్ములే దొర్లిస్తున్నాడు.

కోడలు స్నిగ్ధ మూడు నెలల పాపతో తల్లిగారింటి నుంచి వచ్చి, ఆ కుర్చీలోనే కూచుని పాలిచ్చేది. పాప తల పలక మీద ఆనేది. వారం తిరిగేసరికి పాప చెంప మీద, స్నిగ్ధ మోచేతుల మీద దద్దులు లేచాయి.

పెంటయ్య భార్య కౌసల్యమ్మ కారణం వెంటనే తేల్చింది. పాలిచ్చే తల్లి వంకాయ తింటే బిడ్డకు దురద దిగుతుంది. పక్కింటి దావత్‌లో స్నిగ్ధ వంకాయ తిన్నది. ఒక్క ముక్కే అని స్నిగ్ధ అంది. వంకాయ కనబడితే ఆగని నోరు పిల్లనేం చూస్తదని అత్త దెప్పింది. ఆ పూట నుంచి కోడలికి అన్నం, మిరియాల చారు.

పటాన్‌చెరు డాక్టరు ఇంట్లోకి కొత్తగా ఏమన్నా తెచ్చారా అని అడిగాడు. సబ్బు, నూనె, ఏదైనా వస్తువు. కౌసల్యమ్మ వంకాయ సంగతి చెప్పింది. పెంటయ్య తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. కుర్చీ మాట ఎత్తలేదు.

ఇంటికొచ్చాక కౌసల్యమ్మ కోడలిని మళ్లీ ఆ కుర్చీలోనే కూచోబెట్టింది. పెంటయ్య చూశాడు. చూసి షెడ్డులోకి పోయాడు.

ఐదో రోజుకు పాప కన్ను వాచి మూసుకుపోయింది. స్నిగ్ధ షెడ్డు దగ్గరికి వచ్చింది.

"అత్తమ్మకు చెప్పకుండ్రి మామా. ఒక్క ముక్క కాదు, రెండుసార్లు ఏయించుకున్న. నా నోటివల్లనే పాపకు గిట్లయింది."

పెంటయ్య ఉలి కింద పెట్టాడు.

"వంకాయ కాదు బిడ్డా. నేను చేసిన కుర్చీ."

పలకలు ఎక్కడివో చెప్పాడు.

"మీకెప్పటిసంది ఎరుక?"

"దద్దులు జూసిన నాడే."

స్నిగ్ధ ఇంట్లోకి వెళ్లిపోయింది. పెంటయ్య సూపర్‌వైజర్ నరేష్‌కు ఫోన్ చేసి, పలకలు తెచ్చింది తానేనని చెప్పి, డ్రమ్ములో ఉన్నదేమిటని అడిగాడు. నరేష్ మందు పేరు ఒక్కో అక్షరం చెప్పి, రేపు పొద్దున ఆఫీసుకు రమ్మన్నాడు. డాక్టరుకు చూపించడానికి పెంటయ్య ఆ మందు పేరు కాగితం మీద రాసుకున్నాడు.

కౌసల్యమ్మ గడపలో నిలబడి ఉంది. "కోడలిని నాతోని గన్ని మాటలనిపిస్తివి గదా" అంది.

కొడుకు శ్రావణ్‌కుమార్ ఆటో తెచ్చాడు. పెంటయ్య పాపను ఎత్తుకోబోయాడు.

"చేతులు కడుక్కోండ్రి మామా" అంది స్నిగ్ధ.

అతను సబ్బుతో రెండుసార్లు కడుక్కొచ్చాడు. అప్పటికి ఆమె పాపతో ఆటోలో కూచుంది. కాగితం కోసం చెయ్యి చాపింది. ఇచ్చాడు. పెంటయ్యను ఎక్కించుకోకుండానే ఆటో కదిలింది.