పదహారడుగుల కమాను

మోతె దాటాక మా ఊరికి ఒక్కటే దారి, కాలువ మీది వంతెన. వంతెన దిగగానే, చనిపోయిన తన నాయన పేరుతో కమాను కట్టించాడు కార్తీక్. భూములున్నాయి, వెనక పార్టీ ఉంది, కోదాడలో చదివిన ఇంజనీరింగు ఉంది. బుర్ర ఒక్కటే లేదు.

నేను బడిలో లెక్కలు చెప్తాను. ఇనుప చట్రం నిలబెట్టిన రోజే అడిగాను. "దీని కింద నుంచి వరికోత మిషన్ పడ్తదా కార్తీక్?"

"మిషన్ ఎత్తు పన్నెండున్నర అడుగులు. కమాను పదహారు. ఇంకేం గావాలె టీచరమ్మా?"

"పదహారు నడుమనే. పక్కకు పోయినకొద్దీ వంగి దిగుతది గదా! కింద వెడల్పు ఇరవై. నడుమ నుంచి ఎంత జరిగితే దాని వర్గాన్ని సున్నా పాయింట్ పదహారుతోని గుణించి, పదహారుల నుంచి తియ్యి. మిషన్ వెడల్పు పది. అంటే ఐదడుగుల కాడ నాలుగు పోతది. మిగిలేది పన్నెండే."

కార్తీక్ పళ్లికిలించాడు. "పదో తరగతి లెక్కలు నాకా? అరడుగుకు ఆగుతదా ఏంది!"

చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు. ఆ నవ్విన మొహాల పొలాలన్నీ మా పొలంలాగే కమాను దాటి లోపలే ఉన్నాయి, ఖర్మ!

మా మూడెకరాల వరి పండింది. మబ్బు పట్టింది. మిర్యాలగూడ నుంచి కిరాయికి పిలిచిన మిషన్ కమాను కిందికి వచ్చి, పై మూలలు రెండూ సిమెంటుకు తగిలి ఆగిపోయింది.

"అంచులు జర చెక్కించు కార్తీక్, వానొస్తున్నది." సిగ్గు విడిచి బతిమాలాను.

"మా నాయన పేరు మీద గడ్డపార పెట్టుమంటవా? నీ మిషనే పెద్దది. చిన్నది పిలుసుకో."

చిన్నది దొరికేలోపు వాన దంచింది. వరి పడిపోయి నీళ్లలోనే మొలకెత్తింది. మా అత్త ఆండాలు గట్టున కూర్చుని గుండెలు బాదుకుంది.

ఇంత జరిగాక ఊరు కార్తీక్ కాలర్ పట్టుకుంటుందనుకున్నాను. ఎక్కడ! కడుతుంటే టీచరమ్మ పట్టదని అపశకునం పలికింది, అందుకే తగిలిందన్నారు. దిష్టి పోవాలని కమాను నడుమ గుమ్మడికాయ వేలాడదీశారు. కింద తాడు పట్టుకున్నది మా అత్తే.

"నువ్వు గూడ వచ్చి మొక్కరాదే స్వరూపా," అంది. "ఇగ ఎన్నడూ లెక్కలెయ్యనని చెప్పు."