రొట్టె మాస్టరు పథ్యం

ఈ మెట్లు కట్టినవాడికి మోకాళ్ళు లేవేమో, ఉంటే ఒక్కో మెట్టూ ఇంత ఎత్తు పెట్టడు, పక్కనే లిఫ్టు నోరు తెరుచుకుని రమ్మంటోంది, పళ్ళబుట్ట పట్టుకుని అందులో ఎక్కినావిడ వస్తారా అన్నట్టు చూసింది కూడా, అయినా మాస్టరు కాళ్ళు ఆయన్ని అడక్కుండానే మెట్లవైపు తిరిగాయి, అలవాటు మరి, లిఫ్టు అనేది ఒకటుందన్న సంగతే ఒంటికి మరిపించాడు ఇన్నాళ్ళుగా, ఎక్కితే కొంత కరుగుతుంది, కరిగితే కొంత మేలు, ఇంకేం మేలు, కింద స్కానింగు గదిలో ఆ కుర్ర డాక్టరు ఇందాకే తేల్చేశాడుగా, ముందు కూర్చోండి మాస్టారూ అన్నాడు, డాక్టరు కూర్చోమన్నాడంటేనే సగం చెప్పేసినట్టు, మంచి కబురైతే నిలబెట్టే చెబుతారు, లివర్లో కొవ్వు పోయినసారి కంటే పెరిగిందే గాని తగ్గలేదు, తగ్గిందల్లా కండ, తొడల్లోనూ భుజాల్లోనూ ఉండాల్సిన కండ, ఈ ఒంటిని ఇప్పుడు కోస్తే మీ తమ్ముడికి పెట్టిన లివరు ముక్కా నిలవదు, మీలో మిగిలిన ముక్కా నిలవదు, కాబట్టి ఈ నెల ఆపరేషన్ లేదు, వాయిదా వేద్దాం, ఆయన అంతవరకూ తట్టుకుంటే మళ్ళీ చూద్దాం, అన్నాడు, వాయిదా అన్న మాట కోర్టుకి సరిపోతుంది, పెళ్ళికి సరిపోతుంది, పైన మంచం మీద పచ్చబడ్డ కళ్ళతో పడుకున్నవాడికి వాయిదా ఏమిటి, తట్టుకుంటే అన్న మాటని ఆ కుర్రాడు ఎంత తేలిగ్గా అనేశాడు, గొడుగు మరిచిపోతే అన్నట్టు.

మొదటి మలుపు దగ్గర కమ్మీ పట్టుకుని ఆగాడు, ఊపిరి అందడం లేదు, చొక్కా ఆయన ఒంటిమీద ఉన్నట్టు లేదు, ఆయనే చొక్కాలో ఒక మూల అద్దెకున్నట్టుంది, ఒకప్పుడు బేకరీ తలుపు తీయగానే ముందు పొట్ట లోపలికెళ్ళి దీపం వేసేది, తర్వాత మాస్టరు వచ్చేవాడు, ఈ మాట తమ్ముడిదే, వాడి నోటికి అడ్డూ ఆపూ ఉండవు, చిన్నప్పుడు అన్నదమ్ములిద్దరూ ఆ బేకరీలోనే పనికి కుదిరితే మాస్టరు పొయ్యి దగ్గర రొట్టెలకి, వాడు చల్లటి గదిలో కేకులమీద క్రీముపూలు వెయ్యడానికి, పూలు వేసినన్నాళ్ళూ వేసి ఒక్క చెంచా క్రీము నాకి ఎరగడు, పుల్లలా ఉండేవాడు, లోకానికి ఏం న్యాయముందో గాని లివరు పాడైంది ఆ పుల్లకి, మా అన్నయ్య పందెం కట్టి ఒక ట్రే బన్నులు తిన్నాడని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు, చెప్పగా చెప్పగా ట్రే రెండైంది, రెండు నాలుగైంది, ఆఖరికి బన్నులైపోతే పాలవాడి సైకిలు సీటు కొరికాడనీ, ఆ ఏడంతా పాలవాడు నిలబడే తొక్కాడనీ చెప్పేవాడు, వినేవాళ్ళు పాలవాడి మీద జాలిపడేవాళ్ళు, నిజానికి ఆ రోజు సగం ట్రే దగ్గరే మాస్టరు చేతులెత్తేస్తే మిగతా సగం ఎవరూ చూడకుండా జేబుల్లో కుక్కుకుని పరువు కాపాడింది ఆ పుల్లగాడే, జేబులు ఉబ్బి రెండు రోజులు పక్కకి తిరిగి నడిచాడు, ఆ సంగతి మాత్రం వాడి కథలో ఎన్నడూ రాదు, వాడు అబద్ధం ఎంతైనా ఆడతాడు గాని తన మంచితనాన్ని మాత్రం బయటపెట్టడు, వెధవ.

కోసి ఇచ్చేది నేనే, ఇంకెవర్నీ అడక్కండి, అని మొదట అన్నది మాస్టరే, రక్తం కలిసింది, అన్నీ కలిశాయి, కలవంది కొవ్వొక్కటే, అప్పుడు ఆయన్ని అప్పగించారు ఆసుపత్రిలో తిండి లెక్కలు చూసే పథ్యాలమ్మకి, చూస్తే మాస్టరు కూతురి వయసు, పళ్ళెం బొమ్మ గీసి చూపించింది, సగం ఆకులూ దోసకాయలూ, ఒక పక్క గుడ్డో అరచేయంత కోడి ముక్కో, రొట్టె లేదు, బంగాళదుంప లేదు, పంచదార పేరెత్తకూడదు, సాయంత్రం నడక, రోజు విడిచి రోజు కాస్త బరువులెత్తడం, ఇది పస్తు కాదు సార్, బాగా వినండి, తిండి తగ్గించడం, ఒళ్ళు కదిలించడం, ఈ రెండూ జోడెద్దులు, ఒకదాన్ని పస్తు పెట్టి ఒకదాన్ని పరిగెత్తిస్తే బండి గోతిలో పడుతుంది, నేను పెట్టినదాంట్లో ఒక్క గుడ్డు కూడా మిగల్చొద్దు, అంది, ఎద్దుని ఎన్నడైనా చూసిందో లేదో గాని చక్కగా చెప్పింది, మాస్టరు ఆ నెలంతా చెప్పింది చెప్పినట్టు చేశాడు, పిండి బస్తా ఎత్తి దించాడు, ఎత్తి దించాడు, బస్తా తప్ప అందరూ మెచ్చుకున్నారు, మొదటి స్కానింగులో కొవ్వు సగానికి సగం కరిగింది, ఆ రోజు డాక్టరు నిలబెట్టే చెప్పాడు, బ్రహ్మాండం మాస్టారూ, ఇలాగే ఇంకొన్నాళ్ళు, తేదీ పెట్టేసుకోవచ్చు, అని, మరదలు ఆయన చెయ్యి పట్టుకుని వదల్లేదు, ఇంటికొచ్చాక ఆ సాయంత్రమే ఆయన పళ్ళెంలో గుడ్డు పక్కకి నెట్టాడు, ఏమండీ, అది పథ్యంలో ఉన్నదేనండీ, అంది భార్య, నువ్వూరుకో, తింటేనే ఇంత తగ్గితే తినకపోతే ఇంకెంత తగ్గాలి, అక్కడ వాడి ప్రాణాలు కొట్టుమిట్టాడుతుంటే నాకు గుడ్లూ కోళ్ళూనా, అన్నాడు, ఆవిడ గుడ్డు తీసి మూతపెట్టేసింది, అలా గుడ్డు పోయింది, తర్వాత కోడి ముక్క పోయింది, ఆకులు మిగిలాయి, మేక ఐతే నయం, మధ్యమధ్య నెమరువేసుకునేది, అని తమ్ముడు నవ్వాడు, నడక పరుగైంది, పార్కు చుట్టూ తిరిగీ తిరిగీ చీకటి పడితే వాచ్‌మన్ వచ్చి, మాస్టారూ, గేటు వేసేస్తున్నా, లోపల తిరుగుతారా బయట తిరుగుతారా, తేల్చుకోండి, అనేవాడు, బేకరీకి వచ్చినవాళ్ళు అన్నంటే ఇలా ఉండాలి అనేవాళ్ళు, ఆ మాట వినడానికి బాగానే ఉండేది, ఆకలి మీద అది వెన్నలా కరిగేది.

రెండో మలుపులో కిటికీ ఉంది, కింద వంటగది పొగగొట్టం, ఎవరికో రొట్టె కాలుస్తున్నారు, అంచు కాస్త మాడింది, ఇంత దూరంనుంచి ముక్కే చెబుతోంది, ముక్కు చెప్పకపోయినా చెవి చెబుతుంది, కాలిన రొట్టెని తిరగేసి అడుగున వేలితో కొడితే డొల్లగా పలకాలి, పలికితే లోపల ఉడికినట్టే, నోట్లో వేసుకుని చూసేవాడు మాస్టరెలా అవుతాడు, మరి తెల్లవారుజామున పొయ్యి దగ్గర తన చెయ్యి చేసిందేమిటి, డాక్టరు ఇందాక మెత్తగా అడిగాడు, పళ్ళెంలో తిన్నది సరే మాస్టారూ, పళ్ళెం బయట ఏమైనా తింటారా, అని, లేదండీ ఒట్టు, అనబోయి నోరు తెరిచి, అలాగే తెరిచి ఉంచేశాడు, బేకరీల్లో ఒక మాట ఉంది, పొయ్యి దగ్గర నిలబడి నోట్లో వేసుకున్నది తిండి కిందికి రాదని, రుచి చూడటమంటారు దాన్ని, పనిలో భాగం, చీపురు పట్టడంలాంటిది, అచ్చు మూలల్లో అంటుకున్న గట్టి రొట్టె చెక్కు, పక్కకి పొంగి విరిగిన బన్ను చెవి, ముద్ద సరిగ్గా పులిసిందో లేదోనని ఒక చిటికెడు, పొంగని రొట్టె ఒకటి అమ్మకానికి పనికిరాదని సగం, అవన్నీ చెయ్యి తీసింది, నోరు నమిలింది, మాస్టరుకి కబురే లేదు, రాత్రి అరకడుపు ఆకులతో పడుకుని చీకటితో లేచినవాడు వేడి పొయ్యి ముందు నిలబడితే కళ్ళు బైర్లు కమ్మేవి, పిండి బస్తా మీద కూలబడేవాడు, లేచేసరికి నోట్లో ఏదో ఉండేది, పథ్యాలమ్మ వారం వారం అడిగినప్పుడల్లా పళ్ళెంలోది మాత్రమే చెప్పాడు, గుడ్డు తినడం లేదన్నదీ చెప్పలేదు, మోసం చెయ్యాలని కాదు, అది త్యాగం కదా, త్యాగం గురించి ఎవరు చెప్పుకుంటారు, ఇందాక అవన్నీ ఒక్కొక్కటే ఒప్పుకుంటే, మాడ్చిన ఒంట్లో ఆ పిండంతా పడితే ఇంకెక్కడికి పోతుంది మాస్టారూ, అన్నాడు డాక్టరు, చీవాట్లు పెట్టినా బాగుండును, ఆ గొంతులో జాలి ఉంది.

పైనుంచి చెప్పుల చప్పుడు, మరదలు, చేతిలో ఖాళీ ఫ్లాస్కు, ఆయన్ని చూసి ఆగిపోయింది, ఏంటి బావగారూ, లిఫ్టు బాగానే ఉందిగా, ఈ మెట్లేంటి, అంది, తర్వాత, డేటిచ్చారా, అంది, జవాబుకి ఆగకుండా ఆయన మొహంలోనే చదివేసింది, ఫ్లాస్కు మూత ఊరికే విప్పింది, ఊరికే బిగించింది, సరే, అంది, మళ్ళీ, అసలు పొద్దుట్నించి ఏమైనా తిన్నారా మీరు, మనిషిలో నెత్తురు చుక్క లేదు, క్యాంటీన్లో ఏదో ఒకటి తెస్తానుండండి, అంది, ఒక్క తిట్టు తిట్టొచ్చు కదమ్మా, మొగుడి ప్రాణం నా పొట్టలో ఇరుక్కుని ఉంది, తిన్నారా అని అడుగుతావేంటి, అని లోపల అనుకున్నాడు, పైకి మాత్రం, నువ్వు పదమ్మా, నేను వాడితో కూర్చుంటా, అన్నాడు, ఆవిడ దిగుతూ దిగుతూ మలుపులో గోడవైపు తిరిగి కాసేపు నిలబడింది, ఆయన చూడనట్టు ఎక్కాడు.

గది తలుపు తీసేసరికి తమ్ముడి గొంతు, సన్నబడింది గాని ఆరిపోలేదు, పక్క మంచం పెద్దాయనకి చెబుతున్నాడు, అదిగో వచ్చాడు మా అన్నయ్య, చెబితే నమ్మలేదు కదా మీరు, ఒకప్పుడు ఈయన పొద్దున్నే దగ్గితే వీధిలో రొట్టెలన్నీ పొంగేవి, ఇప్పుడు చూడండి, పోయిన వారం గాలి వీస్తే వాచ్‌మన్ పరిగెత్తుకెళ్ళి కాళ్ళు పట్టుకుని దించాడు, పెద్దాయన నవ్వి, నవ్వు దగ్గై, అటు తిరిగి పడుకున్నాడు, మాస్టరు స్టూలు మీద కూర్చున్నాడు, దుప్పటి మీద తమ్ముడి చెయ్యి, గులాబీ రేకుల్ని ఒక్క తిప్పులో విడదీసే చెయ్యి, ఇప్పుడు అరటితొక్క రంగులో, గోళ్ళ కింద కూడా అదే రంగు, ఈ నెల కాదన్నారురా, అన్నాడు, ముందే అనేశాడు, లేకపోతే ఇంకెప్పటికీ అనలేడు, తమ్ముడు గది పైకప్పువైపు చూసి ఓహో అన్నాడు, ఇంకేమీ కల్పించలేదు, వాడు కల్పించకపోవడం మాస్టరు ఇదే మొదటిసారి చూడటం, తర్వాత, పథ్యాలమ్మ వచ్చి వెళ్ళింది అన్నయ్యా, అన్నాడు, నువ్వు సగం పళ్ళెం వదిలేస్తున్నావని వదిన ఆ పిల్ల దగ్గర ఏడ్చిందట, చెప్పినంత తినడానికి నీకేం కష్టమొచ్చింది, తిండి నీకెప్పుడైనా చేదైందా, అన్నాడు, నింద లేదు ఆ గొంతులో, పిండి ఎందుకు పులవలేదు అని పొయ్యి దగ్గర ఒకళ్ళనొకళ్ళు అడుక్కున్నట్టే అడిగాడు.

నీకోసమేరా అన్న జవాబు నాలుక చివర సిద్ధంగా ఉంది, భార్యకి చెప్పిందే, వాచ్‌మన్‌కి చెప్పిందే, రొట్టెలు కొనేవాళ్ళందరికీ చెప్పకుండా చెప్పిందే, ఆ పచ్చటి కళ్ళ ముందు అది కదల్లేదు, కొవ్వు కరగనప్పుడు కదా మనిషి పథ్యం బిగించాలి, తను అది కరుగుతున్నప్పుడు బిగించాడు, తేదీ పెట్టుకోవచ్చని అన్న రోజే, ఆ పూటే, ఆ రోజు డాక్టరు గదిలోంచి బయటికొస్తుంటే ఎదురుగా ఆపరేషన్ గది ఊగే తలుపు తెరుచుకుని చక్రాల మంచం ఒకటి వచ్చింది, దాని మీద గడ్డందాకా దుప్పటి కప్పిన మనిషి, తన ఈడువాడే, నోరు తెరిచి ఉంది, బతికే ఉన్నాడు, పక్కన నర్సు ఏదో జోకు వేస్తోంది, తలుపు మూసుకునేలోపు లోపల ఒక పెద్ద దీపమూ, కింద ఖాళీ బల్లా కనిపించాయి, ఇంటికెళ్ళి పళ్ళెం ముందు కూర్చుంటే గుడ్డు గొంతు దిగలేదు, దిగలేదని ఎవరితోనూ అనలేదు, నెట్టేశాను అన్నాడు, వాడి కోసం అన్నాడు, అందరూ ఆహా అన్నారు, తనూ అన్నాడు, చెప్పినంత తిని చెప్పినంత నడిస్తే ఒళ్ళు ఈపాటికి సిద్ధమైపోయేది, ఒళ్ళు సిద్ధమైతే ఆ దీపం కింద పడుకోవాలి, సాయంత్రం ఎక్కువ పరిగెత్తినవాడూ, తెల్లవారుజామున చెక్కు కొరికినవాడూ ఒక్కడే, ఇద్దరూ ఒకే పని మీద ఉన్నారు, తమ్ముడు ఇంకా జవాబు కోసం చూస్తున్నాడు, తొందరేమీ లేనట్టు చూస్తున్నాడు, మాస్టరుకి తెలిసిపోయింది, ఆ బల్ల మీదికి రాను అని నోటితో అనలేనివాడు ఇన్నాళ్ళూ ఆ మాటే ఒంటితో అంటూ వచ్చాడు.